ఇది ఎలా సాధ్యమైంది? నేర విలేకరి వార్త, పుస్తకం, పాఠం

(షోయబుల్లాఖాన్ స్మృతిలో హత్నూర విలేకరుల సమావేశానికి సిద్ధం చేసిన స్మారకోపన్యాసం పాఠం)



1948 ఆగస్టు 21 రాత్రి హైదరాబాదులో ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ పని ముగించుకుని ఇంటికి బయల్దేరారు. వెంట బావమరిది ఇస్మాయిల్ ఖాన్ ఉన్నారు. కాచిగూడ ప్రాంతంలో రజాకార్లు మాటువేసి కాల్చారు. కింద పడిపోయాక రాసే చేతిని నరికారు. ఇస్మాయిల్ చేయి కూడా తెగిపోయింది. తెల్లవారితే ఆగస్టు 22. ఆ రోజే షోయబ్ ప్రాణం పోయింది. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు. నెల తిరక్కముందే, సెప్టెంబరు 17న, నిజాం సర్కారు లొంగిపోయింది.

ఉస్మానియా పట్టభద్రుడైన షోయబ్‌కు ఆ రోజుల్లో మంచి కొలువు దొరకడం కష్టమేమీ కాదు. ఆయన తేజ్ పత్రికలో చేరారు. తర్వాత మందుముల నర్సింగరావు నడిపిన రయ్యత్‌లో పనిచేశారు. రయ్యత్‌ను సర్కారు మూయించింది. అప్పుడు బూర్గుల రామకృష్ణారావు వంటివారి తోడ్పాటుతో 1947 నవంబరులో ఇమ్రోజ్ మొదలుపెట్టారు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవాలని ఉర్దూలో, ఒక ముస్లిం సంపాదకుడిగా రాశారు. రజాకార్లకు అది మింగుడు పడలేదు. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. పత్రిక మాత్రం ఆగలేదు.

నేర విలేకరి అనే హోదా షోయబ్‌కు ఏనాడూ లేదు. కానీ ఆ తొమ్మిది నెలల్లో ఆయన రాసినదాంట్లో చాలాభాగం నేరం గురించే. లూటీలు, దహనాలు, హత్యలు. ఆయన పట్టుకున్న ప్రశ్న ఒక్కటి: పగలు ఒక సర్కారు ఉండగా రాత్రి ఇంకో సర్కారు ఎలా నడుస్తోంది? ఊరు తగలబెట్టినవాడి పేరు చెప్పి ఊరుకోకుండా, వాడికి అంత ధైర్యం ఎవరి అండతో వచ్చిందని అడిగారు. పోలీసు ఠాణాలు ఎందుకు కదల్లేదని, కచేరీలు ఎందుకు కళ్లు మూసుకున్నాయని అడిగారు.

నేరవార్త రాసేవారు ఆయన నుంచి తీసుకోవలసింది ఈ ప్రశ్ననే. ఎవరు చంపారు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి పోలీసులు ఎలాగూ చెబుతారు. ఇది ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు జవాబును మాత్రం విలేకరి తనంతట తాను తవ్వుకోవాలి. ఈ సభలో చెప్పదలచుకున్నదంతా ఆ తవ్వకం గురించే: దాన్ని వార్తలో ఎలా చేశారు, పుస్తకంలో ఎలా చేశారు, తర్వాతి తరానికి ఎలా నేర్పారు, పటాన్‌చెరు నుంచి హత్నూర దాకా ఉన్న ఈ ఫ్యాక్టరీల పట్టీలో ఎలా చేయాలి.

నావికుడు చెప్పిన మాట

1955 ఫిబ్రవరి చివర కొలంబియా నౌకాదళానికి చెందిన కాల్దాస్ అనే నౌక నుంచి ఎనిమిది మంది కరీబియన్ సముద్రంలో పడిపోయారు. పది రోజులు తిండీ నీళ్లూ లేకుండా తెప్ప మీద కొట్టుకుపోయి ఒక్కడే ఒడ్డు చేరాడు. అతని పేరు లూయిస్ అలెహాంద్రో వెలాస్కో. దేశం అతణ్ని నెత్తిన పెట్టుకుంది. ఊరూరా సన్మానాలు జరిగాయి, ప్రకటనల్లో బొమ్మ వేశారు. అందరూ అన్నీ రాసేశాక, ఆరిపోయిన ఆ వార్త బొగోటాలోని ఎల్ ఎస్పెక్తదోర్ పత్రికలో ఒక కుర్ర విలేకరి చేతికి వచ్చింది. ఆయనే గాబ్రియేల్ గార్సియా మార్కెస్.

ఆయన ఆ నావికుణ్ని రోజుకు ఆరేసి గంటల చొప్పున ఇరవై విడతలు కూర్చోబెట్టి అడిగారు. అడిగిందే మళ్లీ మళ్లీ అడిగి, మాటకు మాట పొసగుతోందో లేదో చూశారు. ఆ క్రమంలోనే తుపాను ఎలా వచ్చిందో చెప్పమన్నారు. అసలు తుపానే రాలేదన్నాడు వెలాస్కో. నౌక డెక్కు మీద దొంగసరుకు కట్టి ఉంది. బయట నుంచి తెస్తున్న ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషిన్లు. అల తాకిడికి ఆ బరువు కదిలింది, మనుషులు సముద్రంలో పడ్డారు. ఆ బరువు వల్లే నౌక వెనక్కి తిరిగి వారిని వెతకలేకపోయింది. సైనిక ప్రభుత్వం ఇదంతా అబద్ధమంది. అప్పుడు పత్రిక తోటి నావికుల్ని వెతికి పట్టుకుని, వారు సరదాగా తీసుకున్న ఫొటోలు సంపాదించింది. ఆ ఫొటోల్లో స్నేహితుల వెనకాల సరుకు పెట్టెలు స్పష్టంగా కనిపించాయి. పద్నాలుగు భాగాలుగా వచ్చిన ఆ కథనం దేశాన్ని కుదిపింది. కొన్ని నెలలకు పత్రిక మూతబడింది. మార్కెస్ విలేకరిగా ఐరోపాకు వెళ్లి చాలాకాలం అక్కడే ఉండిపోవలసి వచ్చింది.

ఈ కథను నేర విలేకరులకు నేర్పడానికి కారణం ఉంది. వెలాస్కో అబద్ధం ఆడలేదు. అంతకుముందు అతణ్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, అంతే. తుపాను అన్న మాట ప్రభుత్వ ప్రకటనలో ఉంది, పత్రికలన్నీ దాన్నే ఎత్తి రాసుకున్నాయి. తెల్లవారుజామున ఠాణా నుంచి వాట్సాప్‌లో వచ్చే ప్రెస్‌నోట్‌లోనూ అలాంటి మాటలు ఉంటాయి: ప్రమాదవశాత్తు, షార్ట్ సర్క్యూట్, మానవ తప్పిదం, జీవితంపై విరక్తితో. వాటిలో ప్రతి మాటనూ ఒకసారి తట్టి చూడాలి.

నోబెల్ బహుమతి వచ్చాక కూడా మార్కెస్ విలేకరి పనిని చిన్నచూపు చూడలేదు. కొలంబియాలో మాదకద్రవ్యాల ముఠాలు చేసిన అపహరణలపై పుస్తకం రాశారు. 1990లలో కార్తహేనా నగరంలో పాత్రికేయుల శిక్షణ కోసం ఒక సంస్థ పెట్టి, లాటిన్ అమెరికా నలుమూలల నుంచి యువ విలేకరులను పిలిపించి, వారి కథనాలను ముందు పెట్టుకుని వాక్యం వాక్యం చర్చించారు. వార్త, పుస్తకం, పాఠం మూడూ ఒకే జీవితంలో కలిసిన ఉదాహరణ అది.

ముంబయి: జె. డే

2011 జూన్ 11 మధ్యాహ్నం ముంబయి పొవాయిలో మోటారు సైకిల్‌పై వెళ్తున్న జ్యోతిర్మయ్ డేను దుండగులు వెంటాడి కాల్చి చంపారు. మిడ్‌డే పత్రికలో పరిశోధనాత్మక వార్తల సంపాదకుడాయన. వయసు యాభై ఆరు. జె. డే అన్న పొట్టి సంతకంతో ముంబయి పాఠకులకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన మనిషి.

డే మొదట అడవుల గురించి, బోరివలి జాతీయ పార్కులో ఆక్రమణల గురించి రాశారు. నేలను ఎవరు ఆక్రమిస్తున్నారో వెతుక్కుంటూ వెళ్లినవారు మాఫియా దగ్గర తేలడం ముంబయిలో వింతేమీ కాదు. తర్వాత ఇండియన్ ఎక్స్‌ప్రెస్, హిందుస్థాన్ టైమ్స్, మిడ్‌డే పత్రికల్లో నేర ప్రపంచమే ఆయన క్షేత్రమైంది. రెండు పుస్తకాలు రాశారు. మొదటిది ఖల్లాస్. అది చీకటి ప్రపంచానికి అకారాది పరిచయం. రెండోది 2010లో వచ్చిన జీరో డయల్, పోలీసులకు సమాచారం చేరవేసే వేగుల మీద రాసినది. దాదాల మీద పుస్తకాలు చాలా ఉన్నాయి. డే చూపు వారి మీద కాకుండా పోలీసుకూ ముఠాకూ మధ్య నిలబడి ఇద్దరికీ పనికొచ్చి, చివరికి ఇద్దరికీ పనికిరాకుండా పోయే చిన్న మనుషుల మీద నిలిచింది. నేరం ఎలా సాధ్యమవుతుందో వారి బతుకుల్లో తెలుస్తుందని ఆయన గ్రహించారు.

2018 మే 2న ప్రత్యేక న్యాయస్థానం ముఠా నాయకుడు ఛోటా రాజన్‌కూ మరో ఎనిమిది మందికీ ఈ హత్య కేసులో యావజ్జీవ శిక్ష వేసింది. అదే తీర్పులో విడుదలైనవారిలో జిగ్నా వోరా ఒకరు. ఆమె కూడా నేర విలేకరే, ఏషియన్ ఏజ్‌లో పనిచేసేవారు. డే గురించిన సమాచారం ముఠాకు చేరవేశారన్న అభియోగంపై 2011 నవంబరులో ఆమెను అరెస్టు చేశారు. ఆమె జైల్లో ఉన్నది కొన్ని నెలలే. కానీ పత్రికలు, చానళ్లు వేసిన శిక్ష తీర్పు వచ్చేదాకా ఆరేళ్లకు పైగా సాగింది. ఆమె వృత్తి పోయింది. నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చున్నవారే ఆమె వ్యక్తిగత జీవితాన్ని వార్తగా అమ్ముకున్నారు. ఆమెపై అభియోగానికి ఆధారం లేదన్న తీర్పును 2019లో బొంబాయి హైకోర్టు కూడా సమర్థించింది. అరెస్టు వార్త మొదటి పేజీలో వేసినవారు విడుదల వార్త ఎక్కడ వేశారో వెతికితే నేర పాత్రికేయం ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది.

ముంబయిలోనే ఎస్. హుస్సేన్ జైదీ ఇంకో దారి చూపించారు. 1993 మార్చి 12 వరుస పేలుళ్లలో 257 మంది చనిపోయారు. ఆ కేసు పత్రాలు, దర్యాప్తు అధికారుల మాటలు, నిందితుల కథనాలు కూడబెట్టి 2002లో ఆయన బ్లాక్ ఫ్రైడే పుస్తకం తెచ్చారు. పేలుడుతో మొదలుపెట్టి ఆర్డీఎక్స్ తీరానికి ఎలా చేరిందో, దారిలో ఎవరెవరు డబ్బు తీసుకుని చెక్‌పోస్టు దాటించారో ఒక్కో మెట్టు చూపించారు. అనురాగ్ కశ్యప్ దాన్ని సినిమా తీస్తే, విచారణ తేలేవరకు విడుదల చేయవద్దని కోర్టు ఆపింది. అది 2007లో గానీ థియేటర్లకు రాలేదు. తర్వాత డోంగ్రీ టు దుబాయ్, మాఫియా క్వీన్స్ ఆఫ్ ముంబయి వచ్చాయి. ఆ రెండో పుస్తకంలోని ఒక అధ్యాయమే 2022లో గంగూబాయి కాఠియావాడీ సినిమా అయింది. ఆ పుస్తకానికి జేన్ బోర్జెస్ అనే యువ పాత్రికేయురాలు పరిశోధనలో, రచనలో తోడ్పడ్డారు. పెద్ద విలేకరి తన పుస్తకంలో చిన్నవారికి చోటివ్వడం కూడా పాఠం చెప్పడమే.

తెలుగు నేల మీద

తెలుగు పాఠకుడికి నేరకథ కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కోసం అద్దె పుస్తకాల షాపుల ముందు నిలబడిన తరాలున్నాయి. ఆ ఆసక్తిని దినపత్రికలు బాగా పట్టుకున్నాయి. 1974 ఆగస్టు 10న విశాఖలో మొదలైన ఈనాడు, తర్వాత వచ్చిన జిల్లా అనుబంధాలు మండలానికో విలేకరిని తయారుచేశాయి. ఆ విలేకరి రోజువారీ మేతలో నేరవార్తే ఎక్కువ. రోడ్డు ప్రమాదం, ఆత్మహత్య, చోరీ, భూతగాదా. రాసినదానికి సెంటీమీటర్ల లెక్కన డబ్బులిచ్చే కాలంలో కూడా ఆ పని ఆగలేదు.

ప్రమాదం కూడా వెంటే వచ్చింది. విజయవాడలో ఎన్‌కౌంటర్ పత్రిక నడిపిన పింగళి దశరథరామ్‌ను 1985 అక్టోబరులో హత్య చేశారు. ఆయన భాష పచ్చిగా ఉండేది, రాతలో నిగ్రహం తక్కువన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయినా అధికారంలో ఉన్నవారిని పేరు పెట్టి నిలదీసిన రాతకు ఆయన కట్టిన మూల్యం ప్రాణం. ఉదయం దినపత్రిక విలేకరి గులాం రసూల్‌ను 1991 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో, మిత్రుడితో పాటు పోలీసులు కాల్చి చంపారు. ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెప్పారు. పాత్రికేయులు నమ్మలేదు. రాష్ట్రమంతటా రోడ్డెక్కారు. భూముల వ్యవహారాల్లో పోలీసుల పాత్రపై ఆయన రాసిన వార్తలే కారణమన్నారు.

అక్కడి నుంచి 2019కి వద్దాం. నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై సామూహిక అత్యాచారం, హత్య జరిగాయి. మొదటి రోజుల్లో అనేక పత్రికలు, చానళ్లు ఆమె పేరు, ఫొటో వేశాయి. లైంగిక నేరాల బాధితుల పేరు, వారు చనిపోయినా సరే, వెల్లడించకూడదని సుప్రీంకోర్టు నిపుణ్ సక్సేనా కేసులో స్పష్టం చేసి అప్పటికి ఏడాదే అయింది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వంతెన మీది నుంచి పోలీసులపై పూలు చల్లారు. ఆ పూల కింద ప్రశ్నలన్నీ పూడుకుపోయాయి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చాకే, పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులపై విచారణ జరపాలని కమిషన్ తేల్చినట్లు తెలిసింది. ఆ నివేదికలో వేసిన ప్రశ్నల్లో చాలావాటిని డిసెంబరు 6 సాయంత్రమే ఏ విలేకరైనా వేయగలిగేవాడు. తుపాకులు ఎలా లాక్కున్నారు? చేతులకు బేడీలు ఉన్నాయా? అంత తెల్లవారుజామున, చీకట్లో, ఏ వస్తువు వెతకడానికి తీసుకెళ్లారు?

ఈ పట్టీలో నేరం ఎలా ఉంటుంది

ఇక ఇంటి విషయం. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం, గడ్డపోతారం మీదుగా హత్నూర మండలంలోని గుండ్లమాచనూర్, బోర్‌పట్ల, చందాపూర్ దాకా ఫ్యాక్టరీలు వ్యాపించాయి. మందులకు ముడిసరుకు తయారుచేసే రసాయన కంపెనీలు వాటిలో ఎక్కువ. ఇక్కడి నేర విలేకరి చేతికి వచ్చే మరణాలు కత్తి వల్ల కాకుండా రియాక్టర్ వల్ల, సాల్వెంట్ వల్ల, రాత్రి వాగులో వదిలిన ట్యాంకర్ వల్ల జరుగుతాయి. ప్రెస్‌నోట్‌లో వాటికి ప్రమాదం అని పేరు పెడతారు.

2024 ఏప్రిల్ 3 సాయంత్రం చందాపూర్‌లోని ఎస్‌బీ ఆర్గానిక్స్‌లో పేలుడు జరిగింది. కంపెనీ డైరెక్టరుతో సహా కనీసం ఐదుగురు చనిపోయారు, పలువురు కాలిన గాయాలతో ఆసుపత్రుల పాలయ్యారు. మర్నాడు పత్రికలు తిరగేస్తే పేలింది రియాక్టర్ అని కొందరు, బాయిలర్ అని కొందరు రాశారు. రెండూ ఒకటి కావు. బాయిలర్‌ను తనిఖీ చేసే అధికారి వేరు, రియాక్టర్ ఉన్న ఫ్యాక్టరీని తనిఖీ చేసే అధికారి వేరు. ఏది పేలిందో తేలకపోతే ఎవరిని అడగాలో తేలదు. ఈ ఒక్క మాట సరిచూసుకోవడానికి ఆ షిఫ్టులో పనిచేసి బతికి బయటపడ్డ ఒక్క ఆపరేటర్‌తో పది నిమిషాలు మాట్లాడితే చాలు.

ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్ చూడటం రెండో పని. అప్పటికి ఐపీసీ అమల్లో ఉంది. నిర్లక్ష్యం వల్ల మరణం అని 304ఏ కింద కేసు పెడితే గరిష్ఠ శిక్ష రెండేళ్లు, బెయిలు సులువు. ప్రాణం పోతుందని తెలిసీ చేశారని 304 రెండో భాగం కింద పెడితే పదేళ్ల దాకా పడవచ్చు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మొదటిది 106కు మారి శిక్ష ఐదేళ్లకు పెరిగింది, రెండోది 105 అయింది. ఎన్ని ప్రాణాలు పోయాయన్నది పతాక శీర్షిక చెబుతుంది. ఆ ప్రాణాలకు చట్టం ఎంత విలువ కట్టిందో ఆ సెక్షన్ అంకె చెబుతుంది.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడు తెలంగాణ పారిశ్రామిక చరిత్రలోనే పెద్ద విషాదం. మందుబిళ్లల్లో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడి అక్కడ తయారయ్యేది. మృతుల సంఖ్య నలభై దాటింది. బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు అందులో ఉన్నారు. పటాన్‌చెరు ప్రభుత్వాసుపత్రి ముందు బంధువులు రోజుల తరబడి డీఎన్ఏ ఫలితాల కోసం కూర్చున్నారు. కొందరి ఆనవాళ్లయినా దొరకలేదు. మొదటి రెండు రోజులు లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్కే గందరగోళంగా ఉంది. కాంట్రాక్టర్ తెచ్చిన కూలీల పేర్లు ఏ రిజిస్టర్‌లో ఉన్నాయి? ఎవరి హాజరు ఎవరి దగ్గర ఉంది? ఆ గందరగోళాన్ని సహాయక చర్యల్లో ఇబ్బందిగా రాసి వదిలేయడం సరిపోదు. మనుషులు లెక్కలో లేకపోవడమే నేరం ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు సగం జవాబు.

నిదానంగా జరిగే నేరం ఇంకా కష్టం. దానికి ఘటనాస్థలం ఉండదు, తేదీ ఉండదు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు ఇసుకవాగు, నక్కవాగుల్లో కలిసి మంజీర దాకా వెళ్లాయి. పొలాలు చవిటిపారాయి, బావుల నీళ్లు రంగు మారాయి, పశువులు చచ్చాయి. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. నష్టపోయిన రైతులకు పరిహారం లెక్కగట్టే పని సంగారెడ్డిలోని జిల్లా న్యాయమూర్తికి వచ్చింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ పోరాటం వెంట నడిచారు. రోగుల దగ్గుల్లో, చర్మవ్యాధుల్లో ఆయన ఒక సరళిని గమనించారు. మంచి నేర విలేకరి చేసే పని అదే.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 కంపెనీల వ్యర్థాలు ఆ కేంద్రానికి వచ్చేవి. శుద్ధి చేశామన్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల మందు వాగులోకి పోతోందని, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేదానికి సమానమని వారు లెక్క తేల్చారు. మందులకు లొంగని సూక్ష్మక్రిములు ఇలాంటి నీళ్లలో పెరుగుతాయని ప్రపంచం ఉలిక్కిపడింది. ఆ వాగు ఒడ్డున పుట్టి పెరిగిన మన విలేకరులు ఆ నీళ్ల వాసనను ఎన్నేళ్లుగానో రాస్తున్నారు. సీసాలో పట్టి పరీక్ష చేయించి అంకెతో రాసే వీలు మాత్రం ఎవరూ వారికి కల్పించలేదు. తర్వాత శుద్ధి చేసిన నీటిని పైపులైను వేసి అంబర్‌పేట వైపు, మూసీకి మళ్లించారు. వాగుకు కొంత ఊపిరి ఆడింది. మళ్లించిన ఆ నీరు ఎవరి దాకా వెళ్లిందో కనుక్కోవడం మరో జిల్లా విలేకరి వంతయింది.

ఏం నేర్పాలి

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లోనే పాత్రికేయ శాఖ మొదలైంది. పెద్ద పత్రికలు సొంత పాఠశాలలు పెట్టుకున్నాయి. ప్రెస్ అకాడమీ, ఇప్పటి మీడియా అకాడమీ, గ్రామీణ విలేకరులకు తరగతులు నడిపాయి. ఆ తరగతుల్లో వార్త కట్టుబాటు, భాష, చట్టం నేర్పారు. కథ చెప్పడం మాత్రం సాహిత్యం వారి పని అనుకుని వదిలేశారు. దాంతో నేరకథనం రాయమంటే విశేషణాలు పోగుచేయడమే అలవాటైంది. ఘోరం, దారుణం, కిరాతకం అన్న మాటలు ఎన్ని వాడితే అంత బలమనుకున్నారు.

మొదటి పాఠం: కథనానికి బలం వివరాల వరసలో ఉంటుంది. అమెరికాలో మయామీ హెరాల్డ్‌కు పోలీసు వార్తలు రాసిన ఎడ్నా బుకానన్ 1986లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. వేల మరణాల గురించి రాసిన ఆమె ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక పని, ఆ రోజు అతను ఎక్కడికి బయల్దేరాడన్న సంగతి ఉంటాయని మరచిపోలేదు. సిగాచీ మృతుల గురించి రాసేవారు ఒక్కో మనిషి ఎప్పుడు ఊరు విడిచాడో, ఎవరు తెచ్చారో, రోజుకూలి ఎంతో, ఇంటికి ఎంత పంపేవాడో, ఆ యంత్రం దగ్గర పని చేయడానికి ఎన్ని రోజులు శిక్షణ ఇచ్చారో వరసగా పేర్చితే, కిరాతకం అన్న మాట అవసరం లేకుండానే పాఠకుడికి విషయం అర్థమవుతుంది.

కాగితాలు చదవడం రెండో పాఠం. సున్నితమైన కేసులు తప్ప ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. పంచనామా, పోస్టుమార్టం నివేదిక, చార్జిషీటు కోర్టు దాఖలాల్లో దొరుకుతాయి. ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతిలో ఏ ఉత్పత్తి ఎంత చేయవచ్చో రాసి ఉంటుంది. ఆ పరిమాణాన్ని, గేటు దాటి వెళ్లే లారీల సంఖ్యను పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు వార్త బయటపడుతుంది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ముప్పై రోజులు ఆగే ఓపిక ఉంటే చాలు.

మూడోది, ఎవరి పేరు రాయాలో, ఎవరి పేరు రాయకూడదో తెలియడం. లైంగిక నేరాల బాధితులది, బాలలది రాయకూడదు. నిందితుణ్ని తీర్పు వచ్చేదాకా దోషి అనకూడదు. బాధ్యులైన అధికారి హోదాను, సంతకం చేసిన అనుమతి తేదీని మాత్రం తప్పకుండా రాయాలి. సాధారణంగా జిల్లా పేజీల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఆత్మహత్య చేసుకున్న ఆడపిల్ల పేరు, కులం, ఊరు అన్నీ వస్తాయి. తనిఖీ చేయకుండానే చేశానని రాసిన అధికారి సంబంధిత అధికారిగానే మిగిలిపోతాడు.

నాలుగోది ఫాలోఅప్. చాలామంది సంపాదకులు దీనికి చోటివ్వరు. అయినా చిన్న ఊరి విలేకరికి పెద్ద పత్రిక విలేకరికి లేని బలం ఇక్కడ ఉంది. అతను రేపు కూడా ఇక్కడే ఉంటాడు. ఆ ఫ్యాక్టరీ ముందు నుంచే రోజూ వెళ్తాడు. కాలిన కూలీ కుటుంబం ఇక్కడి కిరాయి గదిలోనే ఉంటే వారితో మాట్లాడగలడు, సొంతూరు వెళ్లిపోతే ఫోన్ నంబరు తన దగ్గరే ఉంటుంది.

ఆ బలాన్ని వాడుకోవడానికి ఈ సభ ముందు ఒక పని ఉంది. చందాపూర్ కేసును, పాశమైలారం కేసును మండల విలేకరులు పత్రికల తేడా లేకుండా పంచుకోవాలి. ఒకరు సంగారెడ్డి కోర్టులో వాయిదాల తేదీలు చూడాలి. ఇంకొకరు ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టాలి. సిగాచీ మృతుల కుటుంబాలకు ప్రకటించిన కోటి రూపాయల్లో ఎంత చేతికి వచ్చిందో, ఎవరి ఖాతాలో పడిందో, ఎవరికి ఇంకా కాగితాలు అడుగుతున్నారో మరొకరు రాష్ట్రాలవారీగా రాసుకోవాలి. వచ్చే ఆగస్టు 22కి ఆ వివరాలన్నీ ఒకచోట చేర్చి, హత్నూరలో కొత్తగా చేరే విలేకరులకు మొదటి పాఠ్యపుస్తకంగా ఇవ్వాలి.